శాలువా సరే, తీర్మానాల పుస్తకంలో చోటేదీ?

ఏటా జనవరి 12న కర్నూలు జిల్లాలో ఏ కాలేజీకి పోయినా ఒకే సందడి. వివేకానందుడి ఫొటోకు పూలదండ, వేదిక మీద వరసగా కుర్చీలు, వెనక "నేటి యువతే రేపటి నాయకులు" అని రాసిన ఫ్లెక్సీ. 1985 నుంచి దేశమంతా ఆ రోజును జాతీయ యువజన దినోత్సవంగా జరుపుకుంటోంది. ఈ సభలు వద్దని నేను అనను. పదహారేళ్ల పిల్ల పేరు మైకులో వినబడితే వాళ్లమ్మ ముఖం ఎట్లా వెలుగుతుందో చూసినవాళ్లెవరూ అనరు. నాకు మింగుడుపడనిది ఆ ఫ్లెక్సీ మీదున్న "రేపు". ఊరికి ఈరోజు పనిచేస్తున్న పిల్లలను కూర్చోబెట్టి, మీ వంతు తర్వాత వస్తుందని చెప్పి పంపడం అది.

యువత నాయకత్వం అని మనం ఒకే మూటలో కట్టేస్తున్నవి నిజానికి మూడు వేరువేరు సంగతులు. ఒకటి చాకిరీ: ఊరికోసం ఒళ్లు వంచి చేసే పని. రెండోది మాట చెల్లుబాటు: వాళ్లు చెప్పింది నలుగురూ వినడం. మూడోది అధికారం: డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, ఏ పని ముందు జరగాలి అని తేల్చే చోట కూర్చోవడం. మన జిల్లాలో మొదటిది పుష్కలంగా ఉంది. రెండోది మనిషిని బట్టి, కులాన్ని బట్టి, ఆడామగా తేడాను బట్టి దొరుకుతుంది. మూడోది దాదాపు లేదు. సన్మానాలన్నీ మొదటిదాని దగ్గరే ఆగిపోతాయి.

ఇది తేటపడాలంటే సుగ్గి సంగతి చూడాలి.

కర్నూలు జిల్లా పడమటి వైపు, అంటే కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం, ఆదోని, ఆలూరు ప్రాంతంలో, పంట చేతికి రాని ఏడు, వచ్చినా అప్పులకే సరిపోయిన ఏడు, దీపావళి దాటగానే ఊళ్లు ఖాళీ అవుతాయి. సుగ్గికి పోవడం అంటారు. గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి, తెలంగాణలో పత్తి తీయడానికి, బెంగళూరులో కట్టడం పనులకు. వంటపాత్రలు, బియ్యం మూటలు, దుప్పట్లతో పాటు పిల్లలూ బండి ఎక్కుతారు. చాలామంది తిరిగొచ్చేది ఉగాదికే. ఊళ్లో అవ్వాతాతల దగ్గర వదిలేసిన పిల్లలు బడికి పోతున్నారో, మేకల వెంట పోతున్నారో చూసే దిక్కుండదు. ఇట్లాంటి పిల్లలకోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతుంది. అమ్మానాన్నలు వలస పోయినన్నాళ్లు ఊళ్లోనే తిండి, పడక, చదువు. మంచి ఏర్పాటు. కాకపోతే ఎంతమంది పిల్లలకు కావాలో, ఏ తేదీ నుంచి కావాలో ముందుగా తెలియాలి. బండి కదిలిన పదిహేను రోజులకు హాస్టల్ తెరిస్తే ఆ పిల్లలు అప్పటికే మిరప చేలో ఉంటారు.

ఆ వైపు ఒక ఊళ్లో డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి రాసిపెట్టుకున్న లాంగ్ నోట్‌బుక్ చూశాను. స్కేలు పెట్టి గళ్లు గీసింది. ఇంటి పెద్ద పేరు, ఎంతమంది పోతున్నారు, ఏ ఊరికి, తీసుకుపోయే మేస్త్రీ ఫోన్ నంబరు, పిల్లలు ఏ క్లాసు, ఎవరి దగ్గర ఉంటారు. ఆఖరి గడి మాత్రం పెన్సిల్‌తో రాసి ఉంది. "అవ్వకు చూపు ఆనదు, అన్నం పక్కింట్లో." "అడ్వాన్సు తీసుకున్నారు, ఆగరు." "పెద్దపాప పోతుంది, చిన్నది ఉంటుంది." పెన్సిల్ ఎందుకని అడిగితే, "మారుతుంటాయి కదక్కా, పొద్దున పోతామంటారు, రాత్రికి పిల్లోన్ని వదిలేసి పోతామంటారు" అంది. సాయంత్రం ఆమె, ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు కలిసి రామాలయం అరుగు మీద చిన్నపిల్లలకు చదవడం, ఎక్కాలు చెప్తారు. బడి హెడ్‌మాస్టరు హాస్టల్ జాబితా తయారుచేసేటప్పుడు ముందుగా ఆ నోట్‌బుక్ తెప్పించుకుంటారు.

ఇప్పుడు పైన చెప్పిన మూడూ ఈ అమ్మాయికి అన్వయించి చూడండి. చాకిరీ ఆమెదే. మాట బడి వరకు చెల్లుతుంది, ఎందుకంటే హెడ్‌మాస్టరు మంచివారు. రేపు ఆయన బదిలీ అయితే అదీ ఉండదు. హాస్టల్ ఏ నెలలో తెరవాలి, వంట ఎవరు చేయాలి, ఆడపిల్లలకు పడక ఎక్కడ అనే నిర్ణయాలు జరిగే చోట ఆమె లేదు. ఊళ్లో ఎవరు ఏ రోజు కదులుతారో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ తెలివిడి మాత్రం ఆమె పేరు లేకుండానే జాబితాగా మారి మండలానికి పోతుంది. ఆమెకు సన్మానం చేస్తే సంతోషిస్తాను. హాస్టల్ గురించి మాట్లాడే రోజున పిలిస్తే ఇంకా సంతోషిస్తాను.

చాకిరీనే నాయకత్వమనుకునే పొరపాటు పెద్ద ఎత్తున కూడా జరుగుతుంది. 2019 ఆగస్టు 15న మన రాష్ట్రంలో వాలంటీరు వ్యవస్థ మొదలైంది. పల్లెల్లో యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5 వేల గౌరవ వేతనం. రాష్ట్రమంతా రెండున్నర లక్షలమంది దాకా యువతీ యువకులు, చాలామంది సొంత ఊళ్లోనే, పింఛను గుమ్మం దగ్గరికి తెచ్చి ఇచ్చారు. కరోనా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు రాసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థ ఆగింది. రాజకీయంగా దానిమీద ఎవరి అభిప్రాయం వాళ్లది. నేను చూసేది ఆ పిల్లల వైపు నుంచి. తమ యాభై ఇళ్లలో ఎవరికి ఏ కష్టముందో వాళ్లకు కొట్టిన పిండి. అయినా ఫలానా వీధిలో ముందు నీళ్ల కుళాయి వేయాలని చెప్పే దారి వాళ్లకు లేదు. పైనుంచి వచ్చింది కిందికి చేర్చడమే పని. పై నిర్ణయం మారగానే ఊళ్లో వాళ్ల స్థానమూ పోయింది. ఇన్ని లక్షలమంది చేసిన సేవ చిన్నది కాదు. వాళ్లకు ఊరి నిర్ణయాల్లో చోటు దొరకలేదు, అంతే.

కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) సంగతి కొంత నయం. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన పథకమది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. ఆ ఏడు రోజులూ చీపురు పట్టుకుని ఫొటో దిగడంతో గడిపే యూనిట్లున్నాయి. ఊళ్లో బోరుబావులెన్ని, ఎండినవెన్ని, బడి మానేసిన పిల్లలెందరు అని ఇల్లిల్లూ తిరిగి రాసి, ఆ కాగితం పంచాయతీకి అప్పగించి వచ్చే యూనిట్లూ ఉన్నాయి. రెండో రకానికి కాలేజీలో మార్కులేం ఎక్కువ పడవు. అయినా చేసే లెక్చరర్లున్నారు, వాళ్లకు నా దండం.

నాయకత్వమంటే చెప్పిన పని చేయడమే అనుకుంటే, చెప్పినదాన్ని కాదనే పిల్లలను ఏమనాలి? కర్నూలువాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చదువుతుండగా, 1907లో వందేమాతరం బ్యాడ్జీ పెట్టుకున్నందుకు ఆయనను కాలేజీ నుంచి తీసేశారు. మరుసటి ఏడు 'స్వరాజ్య' పత్రికలో రాసిన రాతకు రాజద్రోహం కేసు పెట్టి జైలుకు పంపారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. తర్వాతి కాలంలో గ్రంథాలయ ఉద్యమానికి, వయోజన విద్యకు పెద్దదిక్కయ్యారు. పక్కన అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1931లో చదువు వదిలి ఉద్యమంలోకి పోయేనాటికి ఇరవై కూడా నిండలేదు. 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఈ ఇద్దరికీ ఇప్పుడు విగ్రహాలకు దండలు పడుతున్నాయి. చదువుకునే వయసులో గాడిచర్లకు దక్కింది కాలేజీ బహిష్కారం. మన ఊళ్లో ఇవాళ సర్పంచిని నిలదీసి లెక్క అడిగిన ఇరవై ఏళ్ల కుర్రాణ్ని మనమేమంటున్నామో ఒక్కసారి తలుచుకోవాలి. "నీకేం తెలుసప్పా, పిల్లోనివి, గమ్మునుండు" అనే మాట వినని కుర్రాడు మా వైపు లేడు.

మరి పిల్లలు ఈ విద్య ఎక్కడ నేర్చుకుంటారు? తరగతి గదిలో మాత్రం కాదు. మగపిల్లలకు మన పల్లెల్లో పాత బడి ఒకటుంది. వినాయక చవితి మండపం, పీర్ల పండుగ, ఉగాదికి కబడ్డీ పోటీలు. చందా అడగాలి. ఇవ్వనివాడితో గొడవ పెట్టుకోకుండా రావాలి. మండపానికి కరెంటు తెప్పించుకోవాలి, నిమజ్జనానికి ట్రాక్టరు మాట్లాడాలి, ఆఖరికి అణాపైసలతో లెక్క చెప్పాలి. కర్నూలు నగరంలో అయితే కేసీ కెనాల్ ఒడ్డున వినాయక ఘాట్ దాకా వేల మంది మధ్య విగ్రహాన్ని నడిపించడం చిన్న పని కాదు. పీర్ల చావిడికి సున్నం కొట్టేటప్పుడు హిందువుల పిల్లలు, ముస్లింల పిల్లలు కలిసే కొడతారు మా పల్లెల్లో. ఇదంతా దేవుడి పనిలాగే కనిపిస్తుంది గానీ, నలుగురిని కూడగట్టడం, డబ్బు లెక్క, తగవు తీర్చడం నేర్పే బడి ఇది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినట్లు మునిగిన రోజున ఎవరూ కొత్తగా జట్టు కట్టడం నేర్చుకోలేరు. ముందే ఒకరినొకరు ఎరిగి, ఎవరు ఏ పనికి పనికొస్తారో తెలిసి ఉండాలి. వీధి కమిటీల విలువ అక్కడ కనిపిస్తుంది.

ఆడపిల్లలకు ఈ బడి లేదు. మండపం దగ్గర వాళ్లకు ముగ్గు, హారతి మాత్రమే. పెళ్లయిన ఆడవాళ్లకు పొదుపు సంఘాలున్నాయి. సంతకం, బ్యాంకు, వడ్డీ లెక్క, మీటింగులో నోరు విప్పడం అన్నీ అక్కడ అబ్బుతాయి. ఈ జిల్లాలో ఎందరో ఆడవాళ్లను నాయకులను చేసింది ఆ సంఘాలే. మధ్యలో పదిహేను నుంచి ఇరవై ఒకటి దాకా ఉన్న పెళ్లికాని అమ్మాయికి సంఘమూ లేదు, మండపమూ లేదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ వారి కిశోరి వికాసం కార్యక్రమాలు కొంత, ఆడపిల్లలు ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలు కొంత ఆ ఖాళీ పూడుస్తున్నాయి. హాస్టల్లో ఉండి చదివిన అమ్మాయి ఊరికొచ్చాక నిలబడి మాట్లాడే తీరే వేరు. కానీ ఊళ్లో నలుగురు అమ్మాయిలు కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు అడిగితే, "ఇంట్లో కూర్చోండి" అంటారు. యువత నాయకత్వం గురించి ఎన్ని సభలు పెట్టినా ఈ ఖాళీని చూడకపోతే సగం యువతను వదిలేసినట్లే.

ఇంత వదిలేసినా ఈ జిల్లాలో అన్నిటికంటే కష్టమైన పని భుజానేసుకున్నది ఆ అమ్మాయిలే. బాల్యవివాహం ఆపడం. దానికీ సుగ్గికీ ముడి ఉంది. ఎదిగిన పిల్లను ఊళ్లో ఒంటరిగా వదిలి పోలేరు, కూలికి తీసుకుపోయి చేను గట్టున గుడిసెలో పెట్టుకోవాలన్నా భయమే. "ఒక అయ్య చేతిలో పెట్టేస్తే పోతుంది" అనుకుంటారు. ఇది దుర్మార్గం కంటే భయం నుంచి పుట్టే ముచ్చట. కాబట్టి చట్టం ఒక్కటే చాలదు. ఆడపిల్ల ఆరు నెలలు క్షేమంగా ఉండే చోటు చూపిస్తే సగం పెళ్లిళ్ల ఊసే ఎత్తరని నా నమ్మకం. నోట్‌బుక్‌లో "పెద్దపాప పోతుంది" అని రాసుకున్న గడి అసలు విలువ ఇదే. చదువు ఆగబోయే పిల్ల ఎవరో, పెళ్లి తలపెట్టబోయే ఇల్లేదో ఆ గడి ముందే చెప్తుంది.

చట్టం పనిచేసే తీరు ఇది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెళ్లి జరగబోతోందని తెలిస్తే ఎవరైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయవచ్చు, పేరు బయటపెట్టరు. అధికారులు వచ్చి పెద్దలతో మాట్లాడతారు, హామీ రాయించుకుంటారు, అవసరమైతే కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు తెస్తారు. కాగితం మీద ఇది సులువు. ఊళ్లో మాత్రం ఎవరు ఫోన్ చేశారో సాయంత్రానికల్లా ఊహించేస్తారు. క్లాస్‌మేట్ పెళ్లి ఆపిన అమ్మాయి ఆ తర్వాత అదే వీధిలో నడవాలి, అదే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవాలి. ధైర్యవంతురాలని పత్రికలో ఫొటో వేసి పొగడటం కూడా ఒక్కోసారి ఆ పిల్లకు కీడు చేస్తుంది. అట్లాంటి పిల్లను గౌరవించాలంటే పేరు దాచి, పక్కన పెద్దవాళ్లు నిలబడాలి. ఫోన్ చేసే బరువు టీచరు, అంగన్‌వాడీ కార్యకర్త, మహిళా పోలీసు తమ మీద వేసుకోవాలి. సమాచారం పిల్లలదైనా నింద పెద్దలు మోయాలి.

ఇక అధికారం సంగతి. చట్టంలో తలుపులు మనం అనుకున్నంత గట్టిగా మూసి లేవు. ఓటు వయసు 1989లో 21 నుంచి 18కి తగ్గింది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. పదిహేడు నిండితే ముందుగానే ఓటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి గనుక జనవరి దాకా ఆగాల్సిన పని లేదు. పంచాయతీకి పోటీ చేయడానికి 21 ఏళ్లు చాలు. స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలకు. అంటే డిగ్రీ చదివిన ఇరవై రెండేళ్ల అమ్మాయి వార్డు మెంబరు కావడానికి చట్టం వైపు నుంచి అడ్డేమీ లేదు. అడ్డు ఇంట్లో ఉంది, ఖర్చులో ఉంది. గెలిచిన కోడలి కుర్చీలో మామ కూర్చోవడం తప్పు కాదనుకునే అలవాటులో ఉంది.

గెలవకపోయినా గ్రామసభ ఉంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి హామీ పనులకు తీర్మానాలు చేశారు. అట్లాంటి రోజున చాలా ఊళ్లలో యువత షామియానా వేస్తుంది, కుర్చీలు మోస్తుంది, వీడియో తీస్తుంది. మాట్లాడదు. మాట్లాడినా గాలికి పోతుంది, ఎందుకంటే తీర్మానాల పుస్తకంలోకి ఎక్కని మాటకు విలువ లేదు. పిల్లలకు నేర్పాల్సిన మొదటి సంగతి ఇదే. అడగాలనుకున్నది ఒక్కటే ఎంచుకోండి. కాగితం మీద రాయండి, సంతకాలు పెట్టించండి. పంచాయతీ కార్యదర్శికి ముందుగానే ఇచ్చి, అందినట్లు ఇంకో కాపీ మీద సంతకం తీసుకోండి. సభలో చదవమనండి, పుస్తకంలో రాసిన తర్వాతే కదలండి. పద్దెనిమిది నిండనివాళ్లకు ఓటు లేదు గానీ నోరుంది. 1992లో మన దేశం ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక, పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలనే చెప్తుంది. బాలసభ పెట్టి, అక్కడ వచ్చిన రెండు మూడు కోరికలను గ్రామసభ ముందుంచడం ఏ పంచాయతీకీ భారం కాదు.

సన్మానం చేయాలనుకునే పెద్దలకు, క్లబ్బులకు, కాలేజీలకు నా విన్నపం ఖర్చు గురించి. శాలువా, మెమెంటో, ఫ్లెక్సీ కలిపితే అయ్యే డబ్బుతో అరుగు మీది చదువుకు లైటు, బోర్డు, ఏడాదికి సరిపడా పుస్తకాలు వస్తాయి. కోసిగి నుంచి కర్నూలుకు మీటింగుకు పిలిస్తే బస్సు చార్జీ, ఆ రోజు పోయిన కూలి ఇవ్వాలి. కూలికి పోయే ఇంటి పిల్ల ఉచితంగా సేవ చేయాలనడం న్యాయం కాదు. అట్లా అంటే నాయకత్వం కాస్త ఉన్నవాళ్ల ఇళ్లకే మిగులుతుంది. అనంతపురం జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) లాంటి స్వచ్ఛంద సంస్థల అనుభవం మన పక్కనే ఉంది. ఊరి చదువును ఊరివాళ్ల చేతుల్లోనే పెట్టి, దాన్ని బాధ్యతగా చూస్తే అది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఒక చిక్కుకు మాత్రం ఎవరి దగ్గరా తేలిక మందు లేదు. పనిచేసే పిల్లలు వెళ్లిపోతారు. డిగ్రీ అయ్యాక బెంగళూరు, హైదరాబాదు. అమ్మాయిలకైతే పెళ్లి, ఇంకో ఊరు. వెళ్లొద్దనే హక్కు ఎవరికీ లేదు, వాళ్ల బతుకు వాళ్లు చూసుకోవాలి. అందుకే ఒక మనిషి మీద ఆధారపడే పని ఎంత గొప్పదైనా రెండేళ్లకు ఆగిపోతుంది. డిగ్రీవాళ్లు ఇంటర్‌వాళ్లను, ఇంటర్‌వాళ్లు తొమ్మిదో తరగతివాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయించాలి. నోట్‌బుక్ ఒకరి ఇంట్లో కాకుండా బడిలోనో, గ్రామ సచివాలయంలోనో ఉండాలి. మేస్త్రీల నంబర్లు, ఎవరింట్లో ఏ కష్టముంది అనే వివరాలు అందరి కంటా పడేవి కావు గనుక తాళం కూడా ఉండాలి. ఆ తాళం చెవి ఒకటి పిల్లల దగ్గర ఉండనివ్వాలి.

బండ్లు కదిలేది దీపావళి తర్వాత. ఆలోపు అక్టోబరు 2 గ్రామసభ ఉంది. పడమటి మండలాల్లో ఈ ఏడు ఆ సభకు పోయే యువత ఒక్క తీర్మానం రాయించగలిగితే చాలు: సీజనల్ హాస్టల్ దీపావళి కంటే ముందే తెరవాలి, ఎదిగిన ఆడపిల్లలకు అందులో క్షేమమైన పడక ఉండాలి, పిల్లల జాబితా తయారుచేసిన వాళ్లలో ఇద్దరు హాస్టల్ కమిటీలో కూర్చోవాలి. కార్యదర్శికి ఆ కాగితం సెప్టెంబరులోనే చేరాలి.